ఐగుప్తు సమాధులలోని సామాను

వాక్యభాగములు: ఆదికాండము 50:22-26, నిర్గమకాండము 13:19, యోహాను 20:1-10



ఆదికాండము భూమ్యాకాశముల సృష్టితో ఆరంభమై ఒక శవపేటికతో ముగియుచున్నది. ఏదెను తోటలో మొదలైన కథకు ఐగుప్తులో ఒక పెట్టె చివర. ఈ ముగింపును మనలో అనేకులు గమనింపక నిర్గమకాండములోనికి దాటిపోవుదురు. ఈ నెల మనము ఆ పెట్టె దగ్గర కొంతసేపు నిలువవలెనని కోరుచున్నాము. ఎందుకనగా ఈ సంవత్సరము మన గ్రామ సంఘములలో కొన్ని భూస్థాపనలు జరిగినవి. వాటి వెంట కొన్ని ప్రశ్నలును, కొన్ని అప్పులును వచ్చినవి. ఒక సంఘ పెద్ద మమ్మును సూటిగా అడిగెను: "అయ్యగారూ, మా నాయిన పెట్టెలో ఆయన కండ్లద్దాలు, చేతికర్ర, చుట్టల డబ్బీ పెట్టినము. పాపమా?" ఆయనకు అప్పుడు ఇచ్చిన చిన్న జవాబు కంటె ఇక్కడ కొంచెము పెద్ద జవాబు వ్రాయుచున్నాము.

యోసేపు 110 సంవత్సరములు బ్రతికెను. ఐగుప్తీయుల పాత వ్రాతలలో మంచివాని నిండు ఆయుష్షు 110 ఏండ్లే. మనము నూరేండ్లు చల్లగా బ్రతుకుమని దీవించినట్లు వారు నూటపది అనుకొనెడివారు. కాబట్టి చనిపోయిన నాడు ఐగుప్తు కన్నులకు అతడు ఏ కొరతయు లేని మనిషి. బట్టలు, బంగారు గొలుసు, రథము, పదవి, పిల్లల పిల్లలు అన్నియు కలిగినవాడు. అటువంటి వానికి ఆ దేశము ఎటువంటి సమాధి కట్టునో, అందులో ఏయే సామాను పెట్టునో మనకు ఇప్పుడు బాగుగా తెలియును. ఏలయనగా అటువంటి సమాధులను త్రవ్వి చూచినవారు ప్రతి వస్తువును లెక్క వ్రాసి ఉంచిరి.

మొదట శరీరము సంగతి. వారి దేశములో నాట్రాన్ అను ఒక విధమైన చవుడు ఉప్పు దొరకును. చనిపోయినవాని మెదడును ముక్కుగుండ తీసివేసి, ప్రక్కన కోసి కాలేయము, ఊపిరితిత్తులు, కడుపు, ప్రేగులు బయటికి తీసి, వాటిని వేరుగా ఎండబెట్టి నాలుగు జాడీలలో దాచెడివారు. గుండెను మాత్రము దాని స్థానములోనే ఉంచెడివారు. అది ఎందుకో ముందు చెప్పుదుము. తరువాత దేహమును ఆ ఉప్పులో కప్పి సుమారు నలువది దినములు ఉంచి, తడియంతయు పోయిన పిమ్మట తైలములును బంకయు పూసి నారబట్ట పట్టీలతో చుట్టెడివారు. అంతయు కలిపి డెబ్బది దినములు. ఇప్పుడు ఆదికాండము 50వ అధ్యాయము మూడవ వచనము తీసి చదువుడి. యాకోబు విషయములో నలువది దినములు, డెబ్బది దినములు అను రెండు లెక్కలును అక్కడ ఉన్నవి. ఆ దేశపు పనివారి చేతి లెక్క ఎరిగినవాడే ఆ మాట వ్రాసియుండవలెను.

ఇటువంటి దేహమును చూచుటకు మనము సముద్రము దాటనక్కరలేదు. హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్సులో ఉన్న రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో ఒకటి ఉన్నది. నైషు అను ఐగుప్తు రాజకుమార్తె దేహమని దానిని చెప్పుదురు. 1920 ప్రాంతమున నజీర్ నవాజ్ జంగ్ అను నవాబు వెయ్యి పౌండ్లకు కొని తెచ్చి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చెననియు, నిజాము దానిని 1930లో ప్రదర్శనశాలకు ఇచ్చెననియు అక్కడి కథనము. రంగుల బొమ్మల అట్ట కప్పుక్రింద, నల్లబడిన పట్టీలలో ఆ చిన్నది పడుకొని యున్నది. గాలి తగిలి పాడగుచున్నదని 2016లో ప్రాణవాయువు లేని గాజు పెట్టెలోనికి మార్చిరి. ఆ సంవత్సరమే లోపలి ఎముకలను యంత్రముతో పరీక్షించిరి. బడి పిల్లలు వరుసగా వచ్చి అద్దమునకు ముక్కులు ఆనించి, కొంచెము భయపడి, కొంచెము నవ్వుకొని బయటికి పోవుదురు. తన వారి మధ్య తన నేలలో నిలిచియుండవలెనని అంత కష్టపడి నిలుపబడిన దేహము, ధర కట్టబడి, అమ్మబడి, కొనబడి, ఎన్నడును పేరు వినని ఊరిలో పరుల కన్నుల ముందర ఉన్నది. మేము దానిని చూచినప్పుడు మాకు వింతకంటె జాలియే ఎక్కువ కలిగెను.

కల్వకుర్తి, కడ్తాల్ తట్టునుండి నగరమునకు పోవు బస్సులు పహాడీషరీఫ్ దాటిన పిమ్మట బార్కస్ మీదుగా పోవును. మన సంఘములలోని మేస్త్రీలు, అడ్డా కూలీలు ఆ పేట సంగతి మాకంటె ఎక్కువ ఎరుగుదురు. నిజాముల కాలమున అరబ్బు దేశమందలి హద్రమౌత్ సీమనుండి వచ్చిన సిపాయిలు కాపురమున్న బ్యారకులే నాలుకల మీద నలిగి బార్కస్ అయినవి. 1948లో సంస్థానము భారతదేశములో కలిసిన పిమ్మట ఆ సైన్యము లేకపోయెను, గాని వారి మనుమలు మునిమనుమలు అక్కడనే స్థిరపడిరి. లుంగీలును, జామపండ్లును, తెల్లవారుజామున వండు హరీసును ఆ పేటకు పేరు తెచ్చినవి. ఈ హద్రమౌత్ అను పేరు మన బైబిలులోనే ఉన్నదని ఎంతమంది గమనించిరి? ఆదికాండము 10:26లో యొక్తాను కుమారులలో హసర్మావెతు అనువాడు కలడు. అది ఈ సీమయేనని పండితులు తలంచుదురు. హెబ్రీ భాష వినినవాని చెవికి ఆ పేరు 'మరణపు ఆవరణము' అన్నట్లు వినబడును. అతని తమ్ములలోనే షేబయు ఓఫీరును ఉన్నారు. కాబట్టి బార్కస్ వీధులలో నడచువారు ఆదికాండపు వంశావళి మధ్యనే నడచుచున్నారని చెప్పినను తప్పులేదు.

ఆ వీధిలో ఒక దుకాణము ముంగిట మట్టి మూకుడులో నిప్పులమీద లోబాన్ వేసి పొగ పట్టుచుండగా మేము నిలిచి అడిగితిమి. దుకాణపు పెద్దాయన మమ్మును కూర్చుండబెట్టి, "పాద్రీ సాబ్, ఈ చెట్టు మా తాతల దేశంలోది. బెరడు గీస్తే పాలు కారుతయి. ఎండితే కన్నీళ్ళ లెక్క గడ్డ కడతయి" అని చెప్పి, రెండు గడ్డలు మా అరచేతిలో పెట్టెను. డబ్బు ఇయ్యబోతే పుచ్చుకొనలేదు. ఆయన ప్రక్కన అలమారలో అత్తరులు, ఊద్ చెక్కలు, సన్నని పుల్లలు గల సుర్మా సీసాలు ఉండెను. ఐగుప్తు సమాధులలో దొరకిన సామాను చిత్రములను ఎరిగినవానికి ఆ అలమార కొత్తది కాదు. సాంబ్రాణి, బోళము, సుగంధ తైలము, సుర్మా డబ్బీ, పుల్ల. మూడున్నర వేల సంవత్సరముల నాటి సమాధులలో ఈ వరుసయే కనబడుచున్నది. ఆ సుర్మాయు సీసపు రాయి నూరినదే.

ఐగుప్తు వారికి సాంబ్రాణి తమ నేలలో పండలేదు. క్రీస్తు పూర్వము 15వ శతాబ్దమున హత్షెప్సుత్ అను రాణి పుంతు దేశమునకు ఓడలను పంపి, ఆ చెట్లను వేళ్ళతో సహా గంపలలో తెప్పించిన చిత్రము ఆమె గుడి గోడమీద నేటికిని ఉన్నది. తక్కిన కాలమంతయు వర్తకులే తెచ్చిరి. ఇప్పుడు ఆదికాండము 37:25 తీయుడి. యోసేపు అన్నలు గోతి దగ్గర కూర్చుండి భోజనము చేయుచుండగా, గుగ్గిలమును బోళమును ఒంటెలమీద వేసికొని ఐగుప్తునకు పోవుచున్న వర్తకులు వచ్చిరి. ఆ మూటల ప్రక్కన కట్టబడి పదునేడేండ్ల చిన్నవాడు ఐగుప్తునకు పోయెను. ఆ దేశములో శవములకు పూయు సరకుతో కూడ అతడును సరకువలె అమ్మబడెను. తొంబది చిల్లర సంవత్సరముల తరువాత అటువంటి సరకునే అతని దేహమునకు పూసిరి.

సరే, సమాధిలోనికి పోవుదము. రాజుల సంగతి అందరు చెప్పుదురు గనుక మేము త్వరగా ముగింతుము. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ అను ఆంగ్లేయుడు తూతంఖామెన్ అను పిన్నవయసు రాజు సమాధిని కనుగొనెను. అయిదు వేలకు పైగా వస్తువులు. వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి వ్రాసికొనుటకు రమారమి పదియేండ్లు పట్టెను. బంగారు పెట్టెలు, రథములు, మంచములు, నూటికి మించిన చేతికర్రలు. ఒక జత చెప్పుల అట్టలమీద చేతులు కట్టబడిన శత్రువుల బొమ్మలు వేసిరి, అడుగు అడుగునకు వారిని త్రొక్కవలెనని. మరి ఒక మూల రెండు చిన్న పెట్టెలు. పుట్టకముందే పోయిన ఇద్దరు ఆడ శిశువులు. అంత బంగారములో మాకు గుర్తుండునది ఆ రెండు చిన్న పెట్టెలే.

మన వంటివారికి దగ్గరగా నున్న సమాధి వేరొకటి. 1906లో స్కియాపరెల్లి అను ఇటలీ దేశస్థుడు ఖా అను ఒక మేస్త్రీ సమాధిని, దొంగలు తాకనిదానిని, కనుగొనెను. ఖా రాజుల సమాధులు త్రవ్వు పనివారిమీద పెద్ద. క్రీస్తు పూర్వము 1400 ప్రాంతపువాడు. అతని సామాను నాలుగు వందల వస్తువులకు పైగా ఇటలీలోని టురిన్ పట్టణమున ఉన్నది. దానిని చదువుచున్నప్పుడు మన ఊరి ఇంటిలోనికి తొంగిచూచినట్లే యుండును. మడచి పెట్టిన పంచెలు, గోచులు. మంచము, పీటలు, చాప. ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి, ఉల్లి, ఎండిన మాంసము, రకరకముల ఆకారములలో కాల్చిన రొట్టెలు. అతని పనిముట్లు: బాడిస, ఉలి, బరమా, మడచుటకు వీలుగా చేసిన మూరకోల, దానికి తోలు సంచి. ఆడుకొనుటకు పాచికల పలక. ఆయన భార్య మెరీత్‌ది సుర్మా, తైలముల పెట్టె, సవరము, దానిని ఉంచుటకు ఎత్తైన కొయ్య బీరువా. రొట్టె నేటికిని రొట్టెగానే ఉన్నది. ఎవరును తినలేదు.

ఆ సమాధిలో ఒక సంగతి మమ్మును ఆపివేసెను. మెరీత్ భర్తకంటె ముందుగా చనిపోయెను. ఆమె కొరకు పెట్టె సిద్ధముగా లేదు. ఖా తన కొరకు చేయించుకొనిన పెట్టెను ఆమెకు ఇచ్చివేసెను. అది ఆమెకు పెద్దదైనందున ప్రక్కలను బట్టలతో నింపిరి. సత్యదేవుని ఎరుగనివాడే, గాని ప్రేమించినవాడు. కాబట్టి ఈ సామానును చూచి వెక్కిరించువారితో మేము కలియము. చుట్టల డబ్బీ పెట్టిన మన పెద్దకు మేము మొదట చెప్పిన మాట ఇదే. నాయిన చేతిలో నలుబదియేండ్లు చూచిన డబ్బీని పారవేయుటకు చేయిరాక పెట్టినవాడు విగ్రహారాధికుడు కాడు. అది అతనికి అక్కరకు వచ్చునని నమ్మి పెట్టిన యెడల అది వేరు సంగతి. ఆ తేడా పెట్టినవానికి తెలియును.

మన నేలలోను ఈ పని జరిగినది. తెలంగాణములో అనేక గ్రామముల పొలములలో పెద్ద బండలను నిలిపి, పైన బండ కప్పిన పాత గోరీలను మనవారు రాకాసిగుళ్ళు, పాండవగుళ్ళు అందురు. రాక్షసులు కట్టలేదు, పాండవులును కట్టలేదు. రెండు మూడు వేల యేండ్ల క్రిందట ఇక్కడ పశువులు కాచి, పొలము దున్ని బ్రతికినవారు తమ వారిని పెట్టుకొనిరి. హైదరాబాదు దగ్గర మౌలాలిలోను హష్మత్‌పేటలోను త్రవ్వి చూడగా అటువంటివి దొరికినవి. ఈ గోరీలలో సాధారణముగా దొరకునవి నలుపు ఎరుపు కలిసిన కుండలు, ఇనుప కొడవళ్ళు, గొడ్డళ్ళు, పూసలు. రాజుకు రథము పెట్టిరి, రైతుకు కొడవలి పెట్టిరి. ఆ లోకములో కూడ కోతకు పోవలెననియే అనుకొనిరేమో.

ఈ కోత మాట వచ్చినది గనుక ఐగుప్తు సమాధులలో మనవారు తప్పక తెలిసికొనవలసిన ఒక వస్తువును చెప్పుదుము. దాని పేరు ఉషబ్తి. జానెడంత బొమ్మ, మట్టిదో, కొయ్యదో, రాతిదో. చేతులలో పార, వీపున గంప. చచ్చినవానిని ఆ లోకములో పొలము దున్నుటకో, కాలువకు నీరు పెట్టుటకో, ఇసుక మోయుటకో పిలిచినప్పుడు అతనికి బదులుగా ఈ బొమ్మ లేచి 'నేనున్నాను' అని పలుకవలెను. ఆ మంత్రము దానిమీద చెక్కిరి. అనగా వెట్టి. మన తాతలు ఎరిగిన వెట్టి. పటేలు పిలిచిన వెంటనే పోవలసిన వెట్టి. ఐగుప్తు ధనికుడు చావునకంటె వెట్టికి ఎక్కువ భయపడి, పరలోకములో తన బదులు చేయుటకు బొమ్మలను కొనుక్కొనెను. తూతంఖామెన్ సమాధిలో ఇవి 413. తరువాతి కాలమున ఏడాదికి దినమునకొకటి చొప్పున 365, ఆ గుంపులమీద కర్ర పట్టుకొని నిలుచుటకు మేటి బొమ్మలు 36 పెట్టుట వాడుకయైనది. బొమ్మలలో కూడ కూలీలు, కూలీలమీద మేటీలు! ఇహలోకమున తాను కట్టిన పద్ధతిని మనిషి పరలోకమునకు కూడ మోసికొని పోయెను. న్యాయమైన లోకమును అతడు ఊహింపనేలేదు. ఇదే లోకములో తనకు మంచి చోటు దొరకవలెనని మాత్రమే కోరెను.

వెట్టి భయమునుండి బొమ్మలచేత తప్పించుకొనగోరిన ఆ దేశములోనే ఇశ్రాయేలీయులచేత ఇటుకలు చేయించిరి. గడ్డి ఇయ్యక ఇటుకల లెక్క తగ్గింపకుండిరి. రాజుల సమాధులు త్రవ్విన పనివారి సంగతియు అంతంతే. ఖా పని చేసిన ఊరిలోనే, అతని తరువాత రెండు వందల చిల్లర యేండ్లకు, మూడవ రామెసేసు ఏలుబడి 29వ సంవత్సరమున, కూలిగా ఇయ్యవలసిన ధాన్యము నెలల తరబడి రాకపోగా పనివారు పార్లు క్రింద పెట్టి గుడి గోడల దగ్గర కూర్చుండిరి. ఆకలియు దప్పియు మమ్మును ఇక్కడికి తెచ్చినవి, బట్ట లేదు, నూనె లేదు, కూర లేదు అని వారు మొరపెట్టిన సంగతి ఆనాటి కాగితముమీద వ్రాయబడి నేటికి నిలిచియున్నది. లోకములో పనివారు పని ఆపిన వ్రాతలలో ఇదియే మొదటిదని చెప్పుదురు. చచ్చినవాని సమాధిలో రొట్టె ఉన్నది. దానిని త్రవ్వినవాని ఇంటిలో గింజ లేదు. బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెట్టునని యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయములో వ్రాసినది ఇటువంటిదానిని గూర్చియే.

ఇక గుండె సంగతి. చనిపోయినవాని గుండెను త్రాసులో ఒక ప్రక్క పెట్టి, రెండవ ప్రక్క ఒక ఈకను పెట్టి తూచుదురని వారి నమ్మకము. ఈక సత్యమునకు గుర్తు. గుండె బరువైతే వాడు నశించును. ఇంతవరకు మంచి మాటయే. అన్యులలో కూడ మనస్సాక్షి చచ్చిపోలేదనుటకు ఇది సాక్ష్యము. అయితే పట్టీల మధ్య, రొమ్ముమీద, పేడపురుగు ఆకారపు రాయి ఒకటి దొరకుచున్నది. దాని అడుగున మంత్రము. ఆ మంత్రము దేవతకు చేయు ప్రార్థన కాదు, తన గుండెతోనే చేయు మనవి: తీర్పు దినమున నాకు విరోధముగా లేచి సాక్ష్యము చెప్పకుము అని. మనిషి పొరుగువానికి భయపడలేదు, తన గుండెకు భయపడెను. దాని నోరు మూయించుటకు రాయి పెట్టెను.

ప్రియులారా, మన సమాధులమీద రాళ్ళు ఎందుకు పెరుగుచున్నవో ఇక్కడ ఒకసారి తలంచుడి. మేము పేర్లు వ్రాయము. మా ప్రాంతములోనే ఒక ముసలి తల్లి రెండేండ్లు కొట్టములో నులకమంచము మీద ఉండెను. మందులకు అడిగినప్పుడెల్ల కొడుకులు ముగ్గురు నీవు ఇమ్మంటె నీవు ఇమ్మనిరి. ఆమె పోయిన పిమ్మట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, నల్ల గ్రానైటు వేయించి, బంగారు రంగు అక్షరములతో అమ్మ పేరు చెక్కించిరి. షామియానా, ఫ్లెక్సీ, నలువది దినముల కూడికకు రెండు మేకపోతులు. ఊరంతయు తిని బాగుగా చేసిరనెను. ఆ రాయి ఎవరి గుండె నోరు మూయుటకు? ఐగుప్తువాడు తన రాతిని తన రొమ్ముమీదనే పెట్టుకొనెను. మనము మన రాతిని తల్లి రొమ్ముమీద పెట్టుచున్నాము. అప్పు తీర్చుటకు పెద్ద కొడుకు ఇప్పుడు నగరములో అడ్డామీద నిలుచుచున్నాడు. చిన్న మనుమరాలి చదువు ఆగినది.

కూడిక పెట్టవద్దని మేము చెప్పుట లేదు. దుఃఖములో ఉన్న ఇంటిలో నలుగురు చేరి పాడి ప్రార్థించుట, ఇంత అన్నము తినుట మంచిది. గురుతు రాయి వేయవద్దనియు చెప్పుట లేదు. రాహేలు సమాధిమీద యాకోబు ఒక రాతిని నిలువబెట్టెను. అయితే అప్పు చేసిన యెడల మేము ఆ కూడికకు వచ్చి ప్రార్థన చేసి, భోజనము చేయక లేచిపోవుదుమని సంఘ పెద్దలతో చెప్పియున్నాము. కొందరు నొచ్చుకొనిరి. నొచ్చుకొననిండు. మన హృదయము మనమీద దోషారోపణ చేసినప్పుడు దేవుడు మన హృదయముకంటె గొప్పవాడని యోహాను మొదటి పత్రిక మూడవ అధ్యాయములో బోధించుచున్నాడు. మూయించవలసిన అవసరము లేదు, ఆయన యొద్ద విప్పి చెప్పవచ్చును. కొట్టములో మంచముమీద ఇంకను ప్రాణముతో ఉన్న తల్లులు మన గ్రామములలో ఎంతమంది ఉన్నారో పెద్దలు ఈ నెల లెక్క తీసి మాకు తెలుపవలెను. రాతికి పెట్టు సొమ్ములో పదవ వంతు వారి మందులకు చాలును.

ఐగుప్తు సామాను చివరికి ఏమైనదో కూడ చెప్పవలెను గదా. ఖా సమాధి వంటివి నూటికి ఒకటి. రాజుల సమాధులలో దాదాపు అన్నియు ఆ కాలముననే దోచబడినవి. దోచినవారిలో త్రవ్విన పనివారును ఉండిరి. పట్టుబడిన ఒక రాళ్ళపనివాడు రాజు దేహముమీది బంగారమును ఒలిచి, పెట్టెలను కాల్చితిమని ఒప్పుకొనిన విచారణ కాగితములు దొరికినవి. చాలకాలము తరువాత ఐరోపావారు ఈ దేహములను పొడిచేసి మందని మ్రింగిరి, చిత్రకారులు రంగులో కలిపిరి. దొంగలు కన్నము వేయు చోట ధనము కూర్చుకొనవద్దని మన ప్రభువు కొండమీద చెప్పినప్పుడు, ఐగుప్తు సమాధుల సంగతి వినినవారు ఆ గుంపులో ఉండియుందురు.

ఇప్పుడు యోసేపు పెట్టెకు తిరిగి రండి. అతడు తన వారిని సామాను అడుగలేదు. రథము పెట్టుడని గాని, ఉంగరము పెట్టుడని గాని, రొట్టె పెట్టుడని గాని చెప్పలేదు. ఒక్క ప్రమాణము చేయించుకొనెను: దేవుడు మిమ్మును చూడవచ్చినప్పుడు నా యెముకలను ఇక్కడనుండి తీసికొనిపోవుడి. ఐగుప్తువాడు ఎన్నటికిని కదలకుండ ఉండుటకు సమాధి కట్టుకొనును. యోసేపు ప్రయాణమునకు మూట కట్టుకొనినట్లు పెట్టెలో పడుకొనెను. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము అతని జీవితమంతటిలో విశ్వాసమునకు గుర్తుగా చెరసాలను చెప్పలేదు, కరవు కాలపు జ్ఞానమును చెప్పలేదు. ఈ ఎముకల మాటనే ఎత్తి చూపెను.

తరములు గడచెను. బయలుదేరు రాత్రి వచ్చినప్పుడు జనులు పొరుగువారిని వెండి బంగారు నగలు అడిగి పుచ్చుకొనుచుండగా మోషే యోసేపు ఎముకలను తీసికొనెను. హెబ్రీలో యోసేపు పెట్టెకును నిబంధన మందసమునకును ఒకటే మాట, 'ఆరోన్'. నలువది సంవత్సరములు అరణ్యములో ఆ రెండు పెట్టెలును జనముతో నడిచినవి. ఐగుప్తునుండి వచ్చిన ఇంకొక సామానును కూడ చూడుడి. సమాధులలో స్త్రీల ప్రక్కన దొరకు వస్తువులలో కంచు అద్దము ముఖ్యమైనది. గుండ్రని రేకు, చేతిపిడి. నిర్గమకాండము 38:8లో ప్రత్యక్షపు గుడారపు ద్వారము నొద్ద సేవించు స్త్రీలు తమ అద్దములను ఇచ్చివేసిరి. వాటితో యాజకులు కాళ్ళు చేతులు కడుగుకొను గంగాళము చేసిరి. ఐగుప్తులోనే ఉండిపోయిన యెడల ఆ అద్దములు వారి వారి పెట్టెలలోనికి పోయి చీకటిలో మసకబారియుండును. ఇప్పుడు అవి నీళ్ళు పట్టినవి.

యోసేపు ఎముకలు షెకెములో, అతని తండ్రి నూరు వరహాలకు కొనిన పొలములో పాతిపెట్టబడినవని యెహోషువ 24:32 చెప్పుచున్నది. పెట్టెలో మరేమి ఉండెనో వ్రాయబడలేదు.

మన ప్రభువును ఉంచిన సమాధిలో ఏమి ఉండెనో మాత్రము యోహాను లెక్క వ్రాసెను. మొదట అది ఎరువు సమాధి. అరిమతయియ యోసేపు తన కొరకు తొలిపించుకొనినది. ఖా తన పెట్టెను ఇచ్చినట్లు ఇతడును తన చోటును ఇచ్చెను. నికోదేము బోళము, అగరు కలిపి తెచ్చెను. మన లెక్కలో 30 కిలోలకు పైమాటే. హసర్మావెతు సీమ వర్తకులు మోసి తెచ్చిన సరకు అందులోను ఉండియుండవచ్చును. నారబట్టలు చుట్టిరి. ఆదివారము తెల్లవారుజామున పేతురును ఇంకొక శిష్యుడును పరుగెత్తిపోయి లోపలికి తొంగిచూచినప్పుడు అక్కడ ఉన్న సామాను ఇంతే: పడియున్న నారబట్టలు, వేరొక చోట చుట్టి పెట్టిన తల రుమాలు. దొంగలైతే బట్టలు విప్పి రుమాలు చుట్టి పెట్టి పోరు గదా. అంతకు ముందే మగ్దలేనే మరియయు, యాకోబు తల్లియైన మరియయు, సలోమేయు తమ డబ్బుతో సుగంధ ద్రవ్యములు కొని, తెల్లవారకమునుపే మోసికొని వచ్చియుండిరి. వాటిని పూయుటకు అక్కడ ఎవరును లేరు. ఆ మూటలను ఆ స్త్రీలు ఇంటికి తీసికొనిపోయిరో, ద్వారము దగ్గరనే విడిచి పరుగెత్తిరో నలుగురు సువార్తికులలో ఒకరును వ్రాయలేదు.